కోయిలమ్మ సొంత గొంతు

ఒక పెద్ద అడవిలో పాడేది మగ కోయిల, పేరు వచ్చేది ఆడ కోయిలకి. వసంతం వస్తే చాలు, నల్లటి మగ కోయిల మామిడి కొమ్మెక్కి గొంతు చించుకునేవాడు. కింద నడిచే జంతువులు తలెత్తి, "ఆహా, కోయిలమ్మ ఎంత కమ్మగా పాడుతోంది!" అనుకుంటూ వెళ్లేవి.

కోయిలమ్మేమో గోధుమరంగు ఒంటి నిండా తెల్ల చుక్కలతో ఆకుల చాటున ఊరికే కూర్చుని ఉండేది. చేయని పనికి పొగడ్తలు వస్తే చాలామంది కాదనరు. ఆమెకి మాత్రం అవి గొంతులో అడ్డం పడేవి.

ఆ ఏడాది ఆడజంతువులన్నీ కలిసి వాగు ఒడ్డున ఒక ఆర్ట్ గ్యాలరీ తెరిచాయి. నాట్యం మగ నెమలిది, జూలు మగ సింహానిది, కొమ్ములు మగ దుప్పివి. తమకి చప్పట్లు కొట్టే పని తప్ప మరోటి మిగల్లేదని వాటి బాధ. ఏనుగు పెద్దమ్మ అధ్యక్షురాలు, నక్క కార్యదర్శి.

కాకి తన పాత గూటిని తెచ్చి పెట్టింది. అందులో ఇనుప తీగలు, విరిగిన హ్యాంగరు, ఒక సైకిల్ చువ్వ ఉన్నాయి. కొండచిలువ తన కుబుసాన్ని గోడ పొడవునా వేలాడదీసి, కింద 'నిన్నటి నేను' అని రాయించింది.

"ఇది కుబుసమే కదే?" అంది ఏనుగు.

"బయట పడుంటే కుబుసం పెద్దమ్మా. లోపల వేలాడదీసి దీపం పెడితే సమకాలీన కళ," అంది నక్క.

ప్రారంభోత్సవం నాడు ప్రయోగాత్మక సంగీత కచేరీ కూడా ఉండాలనుకున్నారు. ఆ మాట విని కోయిలమ్మ తానే వచ్చింది.

"ఇన్నేళ్లూ మా ఆయన పాటకి నా పేరు పెట్టారు. ఒక్కరోజు నా పాటకి నా పేరు పెట్టండి. నాకింకేం వద్దు."

"ఏదీ, పాడు తల్లీ."

"కిక్! కిక్-కిక్-కిక్-కిక్!"

ఏనుగు చెవులు ఊగడం ఆగిపోయింది. "ఒంట్లో బాగుందా అమ్మాయ్?"

"ఇదే నా గొంతు పెద్దమ్మా."

"ప్రయోగాత్మకమని ముందే చెప్పాంగా," అని నక్క అందుకుంది. "ఎంత బాగోకపోతే అంత ప్రయోగం."

కోయిలమ్మకి ఆ వకాల్తా నచ్చలేదు. వేదిక దొరికింది, అది చాలనుకుంది.

ఆడవాళ్ల గ్యాలరీకి ముఖ్య అతిథి ఎవరన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. మృగరాజును పిలిచారు. 'కోయిలమ్మ కుహూ వినడానికే వస్తున్నా' అని ఆయన కబురంపాడు. నక్కకి చెమటలు పట్టాయి. అప్పటికే పోస్టర్లు కూడా అతికించేశారు. వాటి మీద ఉన్నది నల్లటి కోయిల.

నక్క తిన్నగా మామిడి చెట్టు దగ్గరికి వెళ్లింది. "బావగారూ, తెర వెనక కూర్చుని నాలుగు కూతలు కూయాలి. మా చెల్లికి మాత్రం చెప్పకండి."

"మరి నా పేరు?"

"మీ పేరు ఇదివరకెప్పుడైనా ఎవరైనా చెప్పారా? కొత్తగా ఇప్పుడేంటి?"

మగ కోయిల నొచ్చుకున్నాడు. అయినా కచేరీ అంటే కాదన్న గాయకుడు ఏ అడవిలోనూ లేడు.

ప్రారంభోత్సవానికి మృగరాజు ఆలస్యంగా వచ్చాడు. కప్పిన శాలువా జూలు మీద నిలవక జారుతూనే ఉంది. ఆయన ప్రసంగం మాత్రం నిలకడగా సాగింది. "ఆడవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. మా ఇంట్లో వేటంతా ఆవిడదే. తినడం మాత్రం నేను ముందు మొదలుపెడతాను, ఆవిడకి శ్రమ ఎందుకని." చప్పట్లు మోగాయి.

కోయిలమ్మ కొమ్మ మీదికి వచ్చి, కళ్లు మూసుకుని, ముక్కు తెరిచింది. గొంతు పెగలకముందే తెర వెనక నుంచి "కుహూ... కుహూ..." అని వినబడింది. ఆమె ఉలిక్కిపడి ముక్కు మూసేసింది. పాట ఆగలేదు.

"నోరు మూసుకుని పాడుతోంది!" అన్నారు అడవి పత్రిక కళావిమర్శకులు కొంగ మాస్టారు, ఒంటికాలి మీద ఊగిపోతూ. "ప్రయోగం అంటే ఇదీ!"

ఆ చప్పట్లు వింటూ మగ కోయిల తెర వెనక ఉండలేకపోయాడు. ఒక్క ఉదుటున వేదిక మీదికి వచ్చి పడ్డాడు. "పాడింది నేనయ్యా! ఇన్నేళ్లూ పాడింది నేనే!"

సభ భగ్గుమంది. "ఆడవాళ్లకంటూ ఒక్క వేదిక పెట్టుకుంటే ఇక్కడా దూరతావా?" అని ముళ్లపంది ముళ్లు లేపింది.

"మగవాళ్లం కాస్త వెనక ఉండటం నేర్చుకోవాలి," అన్నాడు మృగరాజు, ముందు వరసలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలోంచి.

కోయిలమ్మ మొగుడికి అడ్డం నిలబడింది. "ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆ పాట ఆయనదే. నాది ఇదీ, వినండి."

ఇన్నేళ్లు మింగిందంతా బయటికి వచ్చేటట్టు పాడింది. "కిక్! కిక్-కిక్-కిక్-కిక్!"

"పాపం," అంది కుందేలు, "మొగుడి పరువు కోసం బంగారంలాంటి గొంతు పాడుచేసుకుంది." కొంగ మాస్టారు 'పతిభక్తి' అని రాసుకున్నారు. మృగరాజు ఆవలించాడు.

"ఆగండి!" తీగల గూటి పక్క నుంచి కాకి ముందుకొచ్చింది. "ఈ గొంతు నాకు తెలుసు."

కోయిలమ్మ మొహం వెలిగిపోయింది. "తెలుసా వదినా?"

"ఎందుకు తెలీదు? పోయిన వేసవిలో నేను మేత నుంచి వస్తుంటే నా గూటి మీంచి ఇదే అరుపు. ఆ రోజే గూట్లో ఒక గుడ్డు ఎక్కువైంది. పొదిగి, నోట్లో ముద్దలు పెట్టి పెంచితే, రెక్కలొచ్చాక 'కుహూ' అని ఎగిరిపోయాడు!"

కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ పిల్ల ఎవరిదో తెలిశాక ఇక పొడిచే ముక్కుకే పని. కోయిలమ్మ గూడు చుట్టూ తిరిగి, 'నిన్నటి నేను' కుబుసాన్ని నిలువునా చీల్చుకుని బయటపడింది. వెనకే కాకి.

"తప్పయిపోయింది వదినా! ఒక్కమాట చెప్పు, పాట ఎలా ఉంది?"

"పాటా అది? చెవిలో మేకు దిగినట్టుంది! ఆ రోజు నుంచీ నిద్రలో కూడా అదే!"

తన పాట మీద తన పేరుతో వచ్చిన మొదటి విమర్శ అది. కోయిలమ్మ ప్రాణభయంతో ఎగురుతూనే, తోక కాస్త నిటారుగా పెట్టింది.

మర్నాడు అడవి పత్రికలో, నల్లటి కోయిల బొమ్మతో, కొంగ మాస్టారి సమీక్ష వచ్చింది. 'కోయిలమ్మ గానం రసికులను ఓలలాడించింది. నడుమ కాసేపు మైకు మొరాయించింది. చివర్లో ఒక అభిమాని ఆమె వెంట చాలా దూరం వెళ్లారు.'

మగ కోయిల అలిగి ఆ వసంతమంతా కూయలేదు. కింద నడిచే జంతువులు తలెత్తి, "పాపం, కోయిలమ్మకి గొంతు పోయినట్టుంది," అనుకుంటూ వెళ్లాయి.

నీతి: మన గొంతుని అభిమానులు గుర్తుపట్టకపోవచ్చు గానీ, మనం ముంచినవాళ్లు తప్పకుండా గుర్తుపడతారు.