జలాంతర్యామి

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పార్థసారథి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం వసంత్ కుంజ్‌లో తమ సొసైటీ హాల్లో, తెలుగు సంఘం తరఫున జలాంతర్గామి యుద్ధం మీద తీసిన సినిమా వేయాలి. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది విశాఖపట్నం పౌలురాజు గారి చేత చెప్పించాలి. ఆయన నౌకాదళంలో జలాంతర్గామి మీదే పనిచేసి రిటైరయ్యారు. సినిమా కూడా ఆయన బోటు కథేనట. అన్నిటికన్నా ముఖ్యం, హాలు నిండాలి. ఏడాదిగా సంఘం సభలకు మనుషులకన్నా కుర్చీలే ఎక్కువ వస్తున్నాయి. ఈసారీ అంతే అయితే హాలు జుంబా క్లాసుకి ఇచ్చేస్తానని సొసైటీ అధ్యక్షుడు మల్హోత్రా తేల్చి చెప్పాడు. ఆఫీసులో పార్థసారథి మాట వినేవాడు లేడు, ఇంట్లో అంతకన్నా లేడు. సంఘం కార్యదర్శిగిరీ కూడా పోతే ఇక అతన్ని ‘గారూ’ అనే దిక్కు ఉండదు.

వాట్సాప్ ప్రకటన పని కూతురు సాత్వికకు అప్పజెప్పాడు. ఢిల్లీలో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అతను చెబుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది, ఫోను తెలుగులోకి మార్చింది. ‘జలాంతర్’ దాకా బుద్ధిగా వచ్చిన ఫోను, ఆపైన తనకు బాగా తెలిసిన మాట చూపించింది. పిల్ల అదే నొక్కేసింది.

సాయంత్రం హాలు గుమ్మంలో చెప్పుల గుట్ట చూసి పార్థసారథి పొంగిపోయాడు. సినిమాకి చెప్పులెందుకు విప్పారన్న అనుమానం తర్వాత వచ్చింది. ఇంతలో పక్క బ్లాకు జానకీదేవి గారు పూలబుట్టతో, వెనక ఓ దండుతో దిగారు.

"ఎంత పుణ్యం కట్టుకున్నావు నాయనా. సోమకాసురుడు వేదాలెత్తుకుపోయి సముద్రంలో దాక్కుంటే స్వామి చేప రూపంలో వెళ్ళి యుద్ధం చేశాడని, ఈ కాలం పిల్లలకి చెప్పేదెవరు?"

పార్థసారథి ఫోను తీసి ప్రకటన చదివాడు. ‘జలాంతర్యామి యుద్ధగాథ’ అని ఉంది. సాత్వికను మూలకు లాక్కెళ్ళాడు.

"ఏం రాశావే ఇది?"

"పప్పా, ఆప్‌నే జో బోలా వహీ లిఖా. నువ్వు చెప్పిందేగా. ఏంటి డిఫరెన్స్?"

"ఒకటి ముంచేది, రెండోది తేల్చేది."

"ఠీక్ హై నా. రెండూ పానీ మేనే కదా."

నిజం చెబితే హాలు ఖాళీ. గుమ్మంలో మల్హోత్రా నిండిన కుర్చీలకేసి మెచ్చుకోలుగా చూస్తున్నాడు. పార్థసారథి నోరు మూసుకుని లైట్లు ఆర్పేశాడు.

తెర మీద నావికులు కనిపించగానే గుసగుసలు మొదలయ్యాయి. జానకీదేవి గారే సర్దిచెప్పారు. "ఆగండమ్మా, ఈ కాలం సినిమాలింతే. ముందు ఇప్పటి సంగతి చూపించి, తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెడతారు." ఫ్లాష్‌బ్యాక్ రాలేదు గానీ కెప్టెన్ వచ్చాడు. ఆయన పేరు స్వామి. "స్వామి ఉండగా మనకేం భయం" అన్నాడో నావికుడు. కెప్టెన్ హారతి వెలిగించి, కిటికీ అద్దంలోంచి చేపల్ని చూశాడు. కలియుగం గనక స్వామి ఇలా వచ్చాడని హాలంతా తీర్మానించుకుని చేతులు జోడించింది.

సినిమా అయ్యాక పౌలురాజు గారు పతకాలు పెట్టుకున్న కోటుతో మైకు అందుకున్నారు.

"ఇందులో సగం అబద్ధం. మా బోటుకి కిటికీయే లేదు. హారతంటారా, లోపల బ్యాటరీల గ్యాసు. అగ్గిపుల్ల గీస్తే అందరం ఒక్కసారే మోక్షానికి పోదుం."

ఆఖరి వరుసకు ‘మోక్షం’ ఒక్కటే వినిపించింది. జానకీదేవి గారు లేచారు.

"ఇంతకీ స్వామి నిజమేనా బాబూ?"

"నూటికి నూరుపాళ్ళు నిజవేనమ్మా. నేనాయన కిందే పనిచేశాను."

జానకీదేవి గారు పూలబుట్ట పక్కన పెట్టారు. "కళ్ళారా చూశారా?"

"చూడ్డవేంటమ్మా, నెల్లాళ్ళు నీళ్ళ అడుగున ఆయనతోనే ఉన్నాను. స్నానం లేదు, సూర్యుడు లేడు. పైన శత్రువు తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి కూచున్నాం. ఆ చీకట్లో ఒక్కొక్కడి భుజం మీదా చెయ్యేసుకుంటూ వెళ్ళారాయన. ఆ చెయ్యి లేకపోతే నేనివాళ లేను."

ఆ స్వామి ఎవరో తెలిసిన పార్థసారథికీ కళ్ళు చెమర్చాయి. "గోవిందా" అన్నారు జానకీదేవి గారు. హాలంతా అందుకుంది. ఆ నివాళి తన కెప్టెనుకే అనుకుని పౌలురాజు గారు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.

మల్హోత్రా పరుగున వచ్చాడు. "పార్థసారథిజీ, ఇత్నీ భక్తి. జుంబా క్యాన్సిల్." పార్థసారథి రెండు చేతులూ చాచాడు. మల్హోత్రా ఆ చేతుల పక్కనుంచి వెళ్ళి జానకీదేవి గారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "మాతాజీ, ఆజ్ సే హర్ సండే యే హాల్ ఆప్‌కే భజన్ కా." ఇవాళ్టి నుంచి ప్రతి ఆదివారం హాలు ఆవిడ భజనకేనన్నమాట.

అది భక్తి సినిమా కాదని చెప్పుకోవాలంటే, ముందే తెలిసీ చెప్పలేదని కూడా ఒప్పుకోవాలి. పార్థసారథి రెండోసారీ నోరు మూసుకున్నాడు.

ఇన్నాళ్ళూ కార్యదర్శి హోదాలో హాలుకు తాళం వేసిన మనిషి, ఇప్పుడు ప్రతి ఆదివారం జానకీదేవి గారి వెనక కూర్చుని హాల్లో తాళం వేస్తున్నాడు.