చదివిన చేయి దొంగిలించదు

పెన్నేరు పొంగి తీర్థమలై దోవ మూడు రోజులు మునిగింది కదా, దానికి మరుసటి ఏడు. ఎండలు ముదిరిన నెలలో మంత్రిగారు మా సబ్‌జైలు ముందర షామియానా వేయించి, ఈ జిల్లాలో ఒకసారి జైలుకు వచ్చినవాడు ఇకమీదట రెండోసారి రాడని ప్రకటించారు.

మా ఊరు సోగత్తూరు నుండి మమ్మల్ని రెండు వ్యాన్లలో తీసుకుపోయారు. పులిహోర పొట్లం ఇచ్చారు. నేను మాట్లాడేవాణ్ణి కాను. అందుకని ముందు వరుసలో కూర్చోబెట్టారు.

పథకం పేరు 'చదివిన చేయి దొంగిలించదు'. మంత్రిగారు చెప్పింది సబబుగానే ఉంది. చదువు లేకనే నేరం, నేరం వల్లనే జైలు, కాబట్టి జైల్లోనే చదువు. ఆరు నెలల కోర్సు. పాసైనవాడికి ఫోటో అతికించిన సర్టిఫికెట్టు. ఒకటో నంబరు సర్టిఫికెట్టు గౌరవార్థం మంత్రిగారే తీసుకున్నారు. పొట్లం ఒళ్లో పెట్టుకుని నేనూ చప్పట్లు కొట్టాను.

తరువాత ఒక చిన్న చిక్కు వచ్చింది. మా సబ్‌జైలుకు వచ్చేవాళ్లు రిమాండు మీద పదిహేను రోజులుంటారు, బెయిలు రాగానే పోతారు. ఆరు నెలలు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. కోర్సును పదిహేను రోజులకు కుదించింది. అందరూ పాసయ్యారు.

అట్లా పాసైనవాళ్లలో మా ఊరి చంద్రు ఒకడు. నాకు వరసకు మేనల్లుడు. కడత్తూరు సంతలో ఇంకొకరి మేకను అమ్ముతూ దొరికినవాడు. సర్టిఫికెట్టుకు లామినేషన్ వేయించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

వాడు విడుదలైన నాలుగో రోజు నా బావి మోటారు పోయింది. అర ఎకరా టమోటా పూత మీద ఉంది. నీళ్లు లేకుంటే నాకు ఆ ఏడు పంట లేనట్టే.

వెతికే పని పడలేదు. మోటారు చంద్రు వాకిట్లోనే ఉంది. దాని మీద పచ్చ పెయింటుతో రాయించిన నా పేరు కూడా అట్లాగే ఉంది.

"ఏమిరా చంద్రు, ఇది?"

"మోటారు మామా."

"ఎవురిది?"

"ఇప్పుడు ఆ మాట అడిగేదానికి లేదు మామా. నేను సదివినాను." సర్టిఫికెట్టు తీసి చూపించాడు. "కావాలంటే స్టేషన్‌కు పోయి నా పేరు చెప్పు. కాఫీ ఇస్తారు."

పోయాను. ఇన్‌స్పెక్టర్ శరవణకుమార్ గారు మర్యాదస్తులు. కుర్చీ వేయించారు. చంద్రు పేరు వినగానే పెన్ను మూత పెట్టేశారు. ఆయన అరవంలో అన్నది మన మాటలో రాస్తున్నాను.

"వాడు సర్టిఫికెట్టు హోల్డరు పెద్దాయనా. వాడి మీద కేసు రాస్తే రెండోసారి నేరం చేసినట్టవుతుంది."

"చేసినాడు కదా సార్."

"చేసినాడు. అయితే అట్లా కాకూడదు. మా రిపోర్టులో సున్నా ఉంది. ఆ సున్నాను మంత్రిగారు చెన్నైలో చదివి వినిపించినారు."

"నా టమోటా సార్?"

"చదువుకున్నవాళ్లతో మీకెందుకు తగాదా? వేరే ఎవరైనా ఎత్తుకుపోయినారని రాసివ్వండి. సర్టిఫికెట్టు లేనివాడు ఎవడైనా సరే, సాయంత్రంలోగా పట్టేస్తాను."

ఆలోచించాను. మా ఊళ్లో దొంగతనం చేసేవాళ్లంతా పాసైపోయారు. మిగిలింది మేమే.

కాఫీ ఇచ్చారు. చంద్రు అబద్ధం చెప్పలేదు.

ఇంటికి వచ్చి నా భార్య అక్కమ్మకు చెప్పాను.

"నువ్వు నోరు తెరిచేది నెలకొకసారి," అంది. "ఆ ఒక్కసారీ పోలీసుల కాడ తెరిచి పాడు చేసుకొంటివి. మన మోటారు మనం తెచ్చుకొనేదానికి ఎవురిని అడగాల?"

మధ్యాహ్నం చంద్రు నిద్రపోతుండగా ఇద్దరమూ పోయి మోటారును మోపెడ్ మీద కట్టుకుని వచ్చాము. సాయంత్రం జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు నిజంగానే బాధపడ్డారు.

"చదివినవాడు ఫిర్యాదు ఇచ్చినాడు. మీకా సర్టిఫికెట్టు లేదు. నేనేమి చేసేది?"

"మూడో క్లాసు సదివినాను సార్."

"జైల్లో చదివినారా?"

"లేదు సార్."

"చూసినారా మరి."

మోటారును చంద్రుకు అప్పగించి నన్ను రిమాండుకు పంపారు.

క్లాసులో నివేదిత టీచరమ్మ మంచి మనిషి. బయట చదివినది లెక్కకు రాదని నాకు మళ్లీ మొదటి అక్షరం నుండి దిద్దించింది. వారానికి అక్కమ్మ చూడడానికి వచ్చింది.

"టమోటా ఎట్లుంది?"

"పక్క చేని జయరామన్న ఆయన బావి నుండి దినం విడిచి దినం గంటసేపు నీళ్లు ఇస్తా ఉండాడు. సగం నిలిచింది. ఆయన మోటారు కూడా పోయిందంటే అదీ లేదు. నువ్వు బిరీన పాసై రా."

బుద్ధిగా చదివాను. పరీక్షలో ఒకటే ప్రశ్న. ఇంకొకరి వస్తువు కనబడితే ఏమి చేయాలి? 'ఇంకొకరిది తీసుకోకూడదు. నాది నేను తీసుకోవచ్చు' అని రాశాను.

టీచరమ్మ చదివి, "రెండో మాట సిలబస్‌లో లేదు తాతా," అని కొట్టేసింది. మిగిలినదానికి ఫస్టు వచ్చింది.

పదిహేనో రోజు బెయిలు వచ్చింది. అదే రోజు గేటు ముందర మంత్రిగారు తమ చేతులతో నాకు నూటపద్దెనిమిదో నంబరు సర్టిఫికెట్టు ఇచ్చారు. వీపు తట్టి, "పెద్దాయనా, ఇంక ఈ గేటు లోపలికి రాకూడదు," అన్నారు.

"మన ఇద్దరికీ ఇంక ఆ భయం లేదు సార్," అన్నాను.

మంత్రిగారు నా ముఖం చూస్తుండగానే ఫోటోవాడు ఫోటో తీసేశాడు.

మరుసటి రోజు ఉదయం మోపెడ్ తీసుకుని చంద్రు ఇంటికి పోయాను. వాడు వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. సర్టిఫికెట్టు చూపించాను. నంబరు చూసి, పుల్ల పారేసి, వాడే ఒక చేయి వేసి మోటారును వెనక సీటు మీదికి ఎక్కించాడు. తాడు కూడా వాడే ఇచ్చాడు.

గుంజకు కట్టిన మేకను విప్పి మోపెడ్ ముందర నా కాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను.

"మామా, మోటారు నీదే. మేక మటుకు నేను కొన్నది."

"ఇప్పుడు ఆ మాట అడిగేదానికి లేదురా," అన్నాను. "నేను సదివినాను."

చుట్టుదోవ అయినా స్టేషను ముందర నుండే వచ్చాను. మేక దారి పొడుగునా అరుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.