గుడ్లు పెట్టని పురుగులకు పౌర సహకారం

పురుగుల నివారణ సంస్థ ఈ ఏటి లక్ష్యాన్ని నూటికి నూరుపాళ్లూ సాధించిందని తెలియజేయడానికి మా వీధి తరఫున సంతోషిస్తున్నాం. ప్రయోగానికి తీసుకున్న క్యాబేజీ మడిలో ఈసారి పురుగులు పెట్టిన గుడ్లు సున్నా.

పురుగు ఒంట్లో ఒక హార్మోను ఉంటుంది. అది ఉన్నన్నాళ్లూ పిల్లపురుగు పిల్లపురుగుగానే ఉంటుంది. అది తగ్గాకే గూడు కట్టుకుని, రెక్కలొచ్చి, జోడు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. సంస్థ డైరెక్టరుగారు ఆ హార్మోనునే మందుగా కొట్టించారు. దాంతో పురుగులు పెద్దవడం మానేశాయి. పెళ్లి ఊసు లేదు, పిల్లల బెంగ లేదు, పొద్దస్తమానం ఆకు తినడమే పని. చిటికెన వేలంత ఉండాల్సినవి బొటనవేలంత అయ్యాయి.

ఈ మందు దోమలకైతే సరేననీ, అవి పెద్దయ్యాకే కుడతాయనీ, వీటికి మాత్రం తినే వయసే చిన్న వయసనీ ప్రయోగశాలలోని ఒక చిన్న ఉద్యోగిని మనవి చేసింది. దోమల మీద ఆమెకున్న ఆసక్తిని మెచ్చుకుని డైరెక్టరుగారు ఆమెను దోమల విభాగానికి బదిలీ చేశారు.

మడి ఒక రైతమ్మది. ఇంటిల్లిపాదీ ఏడాదంతా ఆ పంట మీదే బతకాలి. ఆవిడ ఆకు మిగలని కాడ ఒకటి తెచ్చి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టింది.

"ఇవెప్పుడు పెద్దవుతాయి సార్?"

"అవవమ్మా. అదే మన విజయం."

"మరి తినడం ఎప్పుడు మానతాయి?"

డైరెక్టరుగారు ఫలితాలు రాసే ఫారం తెప్పించి చూశారు. గుడ్లకు గడి ఉంది, రెక్కలకు గడి ఉంది, ఆకులకు లేదు. గడి లేని నష్టాన్ని గుర్తించే అధికారం తనకు లేదని చాలా బాధపడ్డారు. టీ వచ్చేదాకా బాధపడుతూనే ఉన్నారు.

ఇంతలో మడిలో ఆకు అయిపోయింది. విజయాన్ని చూడటానికి పైనుంచి తనిఖీ బృందం రాకముందే పురుగులు పస్తులతో పోతే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని వాటిని ఆఫీసు హాల్లోకి తరలించి, మా అందరినీ పిలిచి సభ పెట్టారు.

"ఇవి పురుగులు కావు, మన ప్రతిష్ఠ. ఇంటికో క్యాబేజీ ఇచ్చి కాపాడుకుందాం" అన్నారు డైరెక్టరుగారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు మా వీధి వీధంతా వరుసలో నిలబడింది. అందరిలోకీ నా క్యాబేజీయే పెద్దది. గేటు దగ్గర రైతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అదొక్కటీ నాకియ్యి బాబూ. ఇంట్లో వండటానికేం లేదు."

మంచి పనికి అడ్డం రాకూడదని ఆవిడకు నెమ్మదిగా నచ్చజెప్పి, లోపలికెళ్లి ఇచ్చాను. వాళ్లిచ్చిన రసీదు మా ఇంటి గోడకు తగిలించాను, మీరెప్పుడైనా వస్తే చూడొచ్చు. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.