మాటలు గన్నవరం గోదాములో ఉన్నాయి

సప్లై చైన్ మేనేజ్‌మెంట్ శిక్షణలో చేరిన రెండో వారం నుంచి నీరజ మాటలు నాలుగో రోజుకుగాని ఎదుటివాళ్లకు వినిపించడం లేదు. ఇది పాఠ్యప్రణాళికలో ఉన్నదే. విద్యార్థుల మాటలు ముందు గన్నవరం గోదాముకు వెళ్తాయి. అక్కడ తూకం వేసి, చీటీ అంటించి, లారీలో చోటు చూసి పంపుతారు. సరుకు ఆలస్యమైతే ఎదురుచూసేవాడి అవస్థ ఏమిటో ఇలాగైతేనే ఒంటబడుతుందని శిక్షకుడు పాండురంగారావు గారి నమ్మకం. ఆయన సోమవారం ప్రశ్న అడిగి, గురువారం జవాబు విని మార్కులు వేసేవారు.

నీరజ బెంగంతా ఇంటి గురించే. పదకొండేళ్ల కాపురం, తన నోట మాట రాకపోతే భర్త మురళీధర్ హడలిపోయి ఆస్పత్రికి పరుగెత్తిస్తాడనుకుంది.

సోమవారం ఆయన, "నా నీలం చొక్కా ఏదే?" అన్నాడు. ఆమె చెప్పింది. వినిపించలేదు. ఆయన చేతికందిన తెల్లచొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. గురువారం పొద్దున, "పన్ను సలుపుతోందే," అన్నాడు. "బీరువాలో, రెండో అరలో," అని వినిపించింది.

"ఊఁ," అని పేపరు తిప్పాడు.

ఆరు వారాలు ఇలాగే గడిచాయి. నీరజ ఉండబట్టలేక పాండురంగారావు గారి దగ్గరికి వెళ్లి, "మావారికి ఇంతవరకూ తెలియనే లేదు సార్," అంది. నాలుగో రోజున ఆయనకది అందింది.

"ఎవరూ ఎదురుచూడని సరుకు ఎప్పుడొచ్చినా వేళకొచ్చినట్టేనమ్మా," అన్నారాయన. పుచ్చుకునేవారి నుంచి ఒక్క ఫిర్యాదూ రానందుకు ఆమెకు ప్రథమశ్రేణి ఇచ్చారు. విశాఖపట్నంలో ఒక శీతల గిడ్డంగికి మేనేజరుగా ఉద్యోగం కూడా వచ్చింది. గోదాములో పాత నిల్వ ఖాళీ అయ్యేదాకా మాటలు మాత్రం అదే దారిన వెళ్లాలన్నారు.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. నాలుగో రోజున పనులన్నీ ఆపుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతు స్పష్టంగా పలికింది: "విశాఖలో ఉద్యోగం వచ్చిందండీ. మీరు వద్దంటే ఆగిపోతాను."

మురళీధర్ క్రికెట్ చూస్తున్నాడు. "సరే సరే, కాస్త టీ పెట్టు."

ఆమె లేచి టీ పెట్టింది.

సోమవారం సూట్‌కేసుతో గడప దాటుతూ, "వెళ్తున్నానండీ," అంది.

ఆ మాట గురువారం మధ్యాహ్నం ఇంటికి చేరింది. అప్పటికి నీరజ విశాఖలో రెండు రోజుల జీతం సంపాదించుకుంది. మురళీధర్ కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న పప్పు కలుపుకుంటున్నాడు. గడప వైపు నుంచి వచ్చిన గొంతు విన్నాడు గాని, తలెత్తలేదు.

"వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా," అన్నాడు.