వంటింటి వైపు వెండి

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఎల్డన్ టటిల్ అంటే ఎవరూ గుర్తుపట్టరు. మేకుల ఎల్డన్ అంటే పోస్టాఫీసులో కూడా దారి చెబుతారు. పాడుబడ్డ ఇళ్ల చోట్ల మెటల్ డిటెక్టర్ తిప్పి తవ్వుకోవడం అతనికి పిచ్చి. దొరికేవి మాత్రం తుప్పు మేకులే. వాటిని భార్య వెర్నా ఊరగాయ సీసాల్లో దాచుకునేవాడు.

తోటలో దోసకాయలు కోతకొచ్చిన రోజున, ఊరగాయ పెడదామంటే వెర్నాకు ఒక్క ఖాళీ సీసా దొరకలేదు.

"కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికిందట. నీకు అదీ లేదు. శనివారం పెరట్లో పాత సామాను అమ్ముతున్నాగా, నీ యంత్రాన్ని కూడా పెట్టేస్తా," అంది.

"వెండి దొరికితే?"

"దొరికిన రోజు చూద్దాంలే."

ఎల్డన్ లెక్కేసుకున్నాడు. యంత్రం పోతే ఆదివారాలు అత్తగారితో పేకాడాలి.

మర్నాడే పాతవస్తువుల కొట్లో, కుట్టుపనికి వేలికి పెట్టుకునే వెండి తొడుగు ఒకటి కొన్నాడు. కొండమీద ఎప్పుడో కూలిన ఇల్లొకటి ఉంది. మిగిలింది రాళ్లు పేర్చిన నేలమాళిగ గొయ్యి, వీధి గుమ్మం పక్కన లైలాక్ పూల పొద. పొద కింద పచ్చిక చదరంగా కోసి, తొడుగు పాతి, పచ్చిక మళ్లీ పరిచేశాడు. శుక్రవారం వెర్నాను బతిమాలి తీసుకెళ్లాడు.

"ఒక్కసారి నీ చేత్తో తిప్పి చూడు. ముందు ఆ పొద దగ్గర."

వెర్నా యంత్రం అందుకుని గొయ్యి వెనక్కి నడిచింది.

"అటెందుకు? అటంతా చెత్త."

"చెత్త కోసమే. ఏ ఇల్లాలైనా అంట్ల నీళ్లు వీధి గుమ్మంలో పారబోస్తుందా?"

యంత్రం కీచుమంది. ఆమే తవ్వింది. నల్లబడ్డ వెండి చెంచా బయటపడింది.

"పాపం, నీళ్లతో పాటు పారబోసుకుంది. ఎంత వెతుక్కుందో," అంది వెర్నా, దాన్ని తుడుస్తూ. ఆమెకు నిజంగానే జాలేసింది. ఎల్డన్‌కు మాత్రం కడుపు మండిపోయింది.

"మరి పొద దగ్గర చూడవా?"

"అక్కడ నువ్వు పాతిందేదో నువ్వే తీసుకో. చుట్టూ గడ్డి పచ్చగా ఉంటే చదరం ముక్కొకటి ఎండి చచ్చింది. కాసిని నీళ్లు పోయాలని కూడా తోచలేదా?"

ఎల్డన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అయితే రేపు అమ్మేస్తావా?"

"అమ్మను."

ప్రాణం లేచొచ్చి, యంత్రం కోసం చెయ్యి చాపాడు.

"నీకిస్తానని కూడా అనలేదు. ఆ పార తీసుకురా, ఇక్కడింకేదో కూస్తోంది."

ఎల్డన్ పార తెచ్చి, ఆమె చూపిన చోట తవ్వడం మొదలుపెట్టాడు.