జహంగీర్ సార్ చేయని దీక్ష

ఇచ్చిన తెలంగాణను వెనక్కి తీసుకున్నారని ఊరూరా టెంట్లు వెలిసిన చలికాలం అది. జనగామ చౌరస్తాలో రోజుకో వృత్తివాళ్లు వంతులేసుకుని రిలే నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. పొద్దున మెడలో దండ, సాయంత్రం చేతిలో నిమ్మరసం, మధ్యలో ఆకలి. మంగళవారం టీచర్ల వంతు. సోమవారం పొద్దున లేస్తూనే సోషల్ సార్ జహంగీర్ ఒక ప్లాను వేసుకున్నాడు. మంగళవారం ఎట్టి పరిస్థితుల్లోనూ జనగామలో కనబడకూడదు.

తెలంగాణ మీద ప్రేమ లేకనా? ప్రాణమే! కాని ఆకలి ముందు ఆయన ప్రాణం నిలవదు. గ్యాస్ట్రిక్ పేరు చెప్పి రంజాన్ ఉపవాసాలే ఎగ్గొట్టే మనిషి. నాష్తా కాస్త ఆలస్యమైతే చేతులు వణుకుతాయి. పది మంది ముందు కళ్లు తిరిగి పడితే బళ్లో పిల్లలు ఊరుకుంటారా? అందుకే యూనియన్ నాయకుడు కాటమయ్యకు ఫోన్ చేశాడు.

"అన్నా, కడుపుల ఒకటే మంట. టైముకు తినకుంటే కష్టమన్నడు డాక్టరు. నన్ను జర ఇడిసిపెట్టు."

కూతురు జువేరియాతో మరో అబద్ధం, ఈసారి మేనత్త పేరు చెప్పి. "మానుకోటల మీ ఫుప్పీకి పానం మంచిగ లేదు బేటా, చూసొస్త." డిగ్రీ చదువుతూ ప్రతి ధర్నాలోనూ ముందుండే ఆ పిల్ల తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, "దీక్ష అయినంక పోవచ్చు గద అబ్బా" అని మాత్రం అంది. చెప్పుల్లో కాళ్లు దూర్చి బయటపడ్డాడు సార్.

ఎక్కింది మానుకోట బస్సు కాదు. నర్మెట్ట దారిలో, మామిడితోటలో లక్ష్మీకాంత్ అనే వైద్యుడు ఆయుర్వేద ఆశ్రమం నడుపుతున్నాడు. నూనె మర్దన, వేడినీళ్ల స్నానం, పైన నెయ్యి కారే కిచిడీ అని స్టాఫ్ రూములో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ నెయ్యే ఆయన్ని అంతదూరం లాక్కొచ్చింది.

లక్ష్మీకాంత్ నాడి పట్టి, నాలుక చూసి, పెదవి విరిచాడు.

"తిండి ఎక్కువైంది సార్. రేపు సాయంత్రం దాక లంఖణం. మంచినీళ్లు తప్ప ఏం ముట్టొద్దు. మాట్లాడొద్దు. కదలకుండ కూసోని శ్వాస మీద మనసు పెట్టాలె."

పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే! తిరిగి వెళ్దామంటే జనగామలో ముఖం చూపించాలి. తెల్ల పంచె కట్టించి, శాలువా కప్పి, చెట్ల కింది టెంటులో పరుపు మీద కూర్చోబెట్టారు. సార్ శ్వాస మీద మనసు పెట్టాడు. మనసు లేచి వెళ్లి కీమా మీద కూర్చుంది. ఎన్నిసార్లు చెవి పట్టుకుని లాక్కొచ్చినా మళ్లీ అక్కడికే పోయింది.

మరునాడు పొద్దున్నే వైద్యుడు మందునూనెల కోసం స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లి, అక్కడ రాస్తారోకోలో ఇరుక్కుపోయాడు. ఈలోగా పాలు పోయడానికి తండా నుంచి హన్మంతు వచ్చాడు.

"టెంట్ల కూసున్న సార్‌కు పాలు పొయ్యాల్నా?" అని వంటమనిషి ఓదెమ్మను అడిగాడు.

"ఏం తాగుతడు బిడ్డా! నిన్నటి సంది ముద్ద ముట్టలే, మాట మాట్లాడలే. జనగామ జహంగీర్ సారట. గట్లనే కూసున్నడు పాపం."

ఓదెమ్మ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాని ఆ చలికాలంలో టెంటులో కూర్చుని తిననివాడు దేనికోసం తినడం లేదో ఎవరైనా అడుగుతారా? హన్మంతు దండం పెట్టి, సైకిలెక్కి, పాలతోపాటు ఈ కబురునూ ఇంటింటికీ పోసుకుంటూ పోయాడు.

ఎండ ఎక్కేసరికి డప్పులతో జనం దిగారు. సార్ కంగారుగా నోరు తెరిచాడు. ఒక ముసలాయన గబుక్కున ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "మాట్లాడకు సార్, దీక్ష చెడుతది!" అని మెడలో బంతిపూల దండ వేశాడు. పచ్చి నిజం చెప్పాలంటే, ఆ దండ సార్‌కు నచ్చింది. ఒక్క నిమిషం ఉంచుకుని తర్వాత చెబుదామనుకున్నాడు. అదే ఆయన చేసిన తప్పు. ఆ నిమిషంలో మైకు వచ్చింది, బ్యానరు వచ్చింది, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికులు ఫోన్లో మద్దతు పలికారు.

మధ్యాహ్నానికి చౌరస్తా టెంటును కొందరికి ఒప్పజెప్పి, మిగతా టీచర్లను వెంటేసుకుని కాటమయ్య దిగాడు. వస్తూనే సార్ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"కడుపుల మంట అంటే పిరికోనివనుకున్న తమ్మీ! రిలే దీక్ష చాలదని ఒక్కనివే ఆమరణ దీక్షకు కూసుంటివా! నన్ను మాఫ్ జెయ్యి."

ఇప్పుడు చెప్పేద్దామని సార్ తలెత్తాడు. ఎదురుగా కాలేజీ స్నేహితురాళ్లతో జువేరియా. కళ్ల నిండా నీళ్లు.

"మానుకోట అని నాకు గూడ అబద్ధం చెప్తివి గద అబ్బా!" అని తండ్రి చెయ్యి పట్టుకుని, స్నేహితురాళ్ల వైపు తిరిగింది. "ఉద్యమంల మీ అబ్బా ఏడున్నడని రోజూ అడుగుతరు గదనే. గిదిగో, చూడుండ్రి!"

తలెత్తిన సార్ మళ్లీ దించేశాడు. కూతురు తనను అలా చూడటం ఆయన ఎరగడు. నోరు తెరిస్తే ఆ చూపు ఉండదు. తెరవకపోతే ఆ చూపుకు తాను తగడు. భూమి చీలితే బాగుండుననిపించింది, చీలలేదు.

అంతలో కేక. "పోలీసులొస్తున్నరు! సార్‌ను దవాఖానకు ఎత్తుకపోతరట!"

కాలేజీ పిల్లలంతా పరుగెత్తి గేటుకు అడ్డంగా పడుకున్నారు. అందరికంటే ముందు జువేరియా. జీపు ఆగింది, లాఠీలు దిగాయి. "లేవుండ్రి, లేకుంటే లేపుతం!" అన్నాడు ఎస్సై. అప్పుడు జహంగీర్ సార్‌కు ఆకలి లేదు, కీమా లేదు, దండ లేదు. మనసు కూతురి మీద నిలిచిపోయింది. లేచి మైకు లాక్కున్నాడు.

"ఆగుండ్రి! నేను దీక్ష జెయ్యలే! ఇయ్యాల్టి దీక్షకు భయపడి, అందరికి అబద్ధాలు చెప్పి, నెయ్యి కిచిడీ తిందామని ఈడికొచ్చిన. వైద్యుడు లంఖణం పెట్టిండు. గంతే! బేటా, లెవ్వు, నా కోసం దెబ్బలు తినకు. నేను గంత మంచోన్ని కాదు!"

సిగ్గుతో చచ్చిపోతున్నా, సార్ ఊపిరి తేలిగ్గా ఆడింది.

"విన్నరా!" కాటమయ్య చేతులెత్తి అరిచాడు. "పిల్లల మీద దెబ్బ పడొద్దని తన దీక్షనే కాదంటున్నడు! గింత త్యాగం చూసిండ్రా? జహంగీర్ సార్..."

"జిందాబాద్!" అని తోట దద్దరిల్లింది. దీక్ష లేదని ఆయన నోటితోనే చెప్పాడు కదా అని ఎస్సై సంతోషంగా జీపు తిప్పుకున్నాడు. సార్ జనం భుజాల మీదికెక్కి, వద్దు మొర్రో అంటూ బస్సు దాకా ఊరేగాడు. అంతమందిలో ఆయన మాట నమ్మింది ఒక్క జువేరియా. బస్సులో పక్కనే కూర్చుని, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"నెయ్యి కోసమా అబ్బా?"

"హా బేటా."

ఆ పిల్ల లేచి ముందు సీట్లోకి మారింది. అరిచినా బాగుండేది.

మరునాడు పొద్దున ఎవరూ పిలవకుండానే సార్ చౌరస్తా టెంటుకు వెళ్లాడు. ఆ రోజు దర్జీల వంతు. "మీరెందుకు సార్, మస్తు చేసిండ్రు" అని లేపబోయినా వినకుండా ఒక మూల కూర్చున్నాడు. ఎదురుగా చెట్టు కింద జువేరియా పుస్తకం తెరిచి, చదవకుండా కాపలా కాసింది. చేతులు వణికాయి, కళ్లు తిరిగాయి, పడలేదు. పొద్దు వాలేముందు ఆ పిల్ల పుస్తకం మూసి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

సాయంత్రం నిమ్మరసం గ్లాసులు వచ్చాయి. లెక్కలో లేని మనిషి ఒకరు ఎక్కువ కదా, చివరికి ఒకటి తక్కువైంది. పంచుతున్న పెద్దమనిషి సార్ ముందు ఆగి, "అన్నపానాలు లేకుండ ఉండుడు మీకొక లెక్కనా సార్!" అని దండం పెట్టి, ఉన్న ఒక్క గ్లాసు పక్కవాళ్లకిచ్చి వెళ్లిపోయాడు.

సార్ కాదనలేదు. నిజం చెబితే ఏమవుతుందో ఆయనకు అప్పటికే అనుభవం.