మట్టి మీద మూత

ఆ ఉదయం ఆరు చొక్కాలకు గుండీలు కుట్టేస్తే పనైపోతుందనుకున్నాడు టైలరు. ఇంతలో గుమ్మంలో నోటీసు కనబడింది. పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడట. సెప్టిక్ ట్యాంకు మూత కనబడాలట, దానిమీద కట్టడం ఉంటే కూల్చేస్తారట. మూత మీదే వంటగది ఉంది.

"నా వంటగది కూల్చేస్తారాండీ?" అంది భార్య. తొమ్మిదేళ్లు వరండాలో వానకు తడుస్తూ వండి, చివరికి ఆ నాలుగు గోడలు సంపాదించుకుంది పాపం.

"కంగారుపడకు. చిరుగు కనబడకుండా పైన జేబు కుట్టెయ్యమూ? ఇదీ అంతే!" అంటూ అతను కొత్త సిమెంటు మూత తెచ్చి, పెరట్లో గడ్డి మీద పరిచేశాడు.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. "మూత భేషుగ్గా ఉంది. తియ్యండి."

"బిగుసుకుపోయిందండీ," అన్నాడు టైలరు.

"ఎప్పుడు ఖాళీ చేయించారు?"

"మొన్ననే."

"మొన్న తీసిన మూత బిగుసుకోవడమేంటి?"

"వాసన రాకుండా మేమే బిగించామండీ," అంది భార్య, భర్తను కాపాడబోయి.

"గాలి గొట్టం కూడా కనబడదే! గ్యాసు నిండితే పేలిపోతుందమ్మా!"

ఆ కేకకు పక్కింటివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. నిమిషంలో వీధి ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు ట్యాంకులు ఖాళీ చేసే లారీకి ఫోను చేసి, అది వచ్చేలోగా గ్యాసు వదలాలని గడ్డపార పట్టుకున్నాడు. టైలరు దంపతులకు పైప్రాణాలు పైనే పోయాయి. మూత లేచింది. కింద పచ్చగడ్డి, ఒక వానపాము.

టైలరు కాళ్లమీద పడబోయాడు. కానీ ఇన్‌స్పెక్టరు ముఖం అతనికంటే ముందే పాలిపోయింది.

"పోయినేడాది ఈ పెరట్లోనే మూత తీయించి చూశానని రిజిస్టరులో రాశానే!"

"మీరసలు రాలేదు కదండీ?" అంది భార్య.

"అందుకేగా నా భయం! మీకు వంటగది పోతుంది, నాకు ఉద్యోగం పోతుంది. ఎవరికీ చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతాను!"

ఆయనే మూత పెట్టేసి, రుమాలుతో తుడిచి, లారీ వద్దని చెప్పాడు. భయం కొద్దీ రిపోర్టులో నాలుగు మెచ్చుకోళ్లు ఎక్కువే రాశాడు. మర్నాడే ఆఫీసు నుంచి ఉత్తరం: ఇంత మంచి ట్యాంకును సోమవారం పైఅధికారులు స్వయంగా చూస్తారు.

ఆదివారమంతా పెరట్లో ఆ మూత చోట ట్యాంకు కోసం గొయ్యి తవ్వారు. టైలరు పైనుంచి మట్టి లాగుతుంటే, లోపల ఇన్‌స్పెక్టరు చెమటలు కక్కుతూ పలుగు వేస్తున్నాడు. ఉద్యోగంలో చేరాక ఆయన ఒక ట్యాంకును దగ్గరుండి చూడటం అదే మొదటిసారి.